అన్యవ్యవస్థాశ్రితములైన ప్రోగ్రాముల నిర్వహణము: స్థానివద్భావ, అతిదేశ దృష్టితో ఒక పరిశీలనము

ప్రాచ్య కళాశాలలలో గ్రంథ పరిష్కరణము, తాళపత్ర సూచికల నిర్మాణము, పత్రికా ముద్రణము అను మూడు పనులును 1990 తరువాత క్రమముగా కంప్యూటరుపైకి వచ్చినవి. సీసపు అక్షరముల కూర్పు పోయి డి.టి.పి. కూర్పు వచ్చినది. ఆ కాలమున కూర్చిన పుటలు మొదట ఫ్లాపీలలోను, పిదప సి.డి.లలోను భద్రపరుపబడినవి. ఇప్పుడు వానిని తెరవబోయిన వారికి ఒక విచిత్రమైన చిక్కు ఎదురగుచున్నది. ఫైలు చెడలేదు. అందలి ప్రతి అంకెయు యథాతథముగా ఉన్నది. అయినను చదువుటకు వీలులేదు. ఏ ప్రోగ్రాముతో దానిని కూర్చిరో ఆ ప్రోగ్రాము నేటి యంత్రముపై నడువదు. తాళపత్రమునకు లిపి తెలిసిన కన్ను చాలును. కంప్యూటరు ఫైలునకు కన్ను చాలదు. దానిని వ్రాసిన ప్రోగ్రాము, ఆ ప్రోగ్రామునకు ఆధారమైన ఆపరేటింగ్ సిస్టము, దానికి ఆధారమైన యంత్రము కూడ కావలయును.

ఒక ఆపరేటింగ్ సిస్టమునకై రచింపబడిన ప్రోగ్రామును మఱియొక సిస్టము గల కంప్యూటరుపై నడుపుట ఎట్లు అను ప్రశ్నకు గత అరువది సంవత్సరములలో లభించిన సమాధానములను వివరించుట ఈ వ్యాసోద్దేశము. వ్యాకరణ మీమాంసలతో పరిచయముగల పాఠకులకు విషయము సుగ్రాహ్యము కావలెనని స్థానివద్భావము, అతిదేశము, ఊహ, బాధ అను పారిభాషిక పదములను అక్కడక్కడ వాడితిని. ఇది సాదృశ్యము మాత్రమే. పాణిని జైమిన్యాదులకు కంప్యూటరు తెలియునని వాదించు వ్యాసములు అప్పుడప్పుడు కనబడుచుండును. ఆ కోవలో దీనిని చేర్చవలదని మనవి.

ప్రోగ్రాము దేనిని ఆశ్రయించియుండును?

ప్రోగ్రామునకు మూడు ఆశ్రయములు కలవు. మొదటిది ప్రాసెసరు. ప్రాసెసరు ఎరిగినవి అంకెలు మాత్రమే. ఈ అంకెకు కూడుట, ఆ అంకెకు పోల్చుట, మఱియొక అంకెకు ఒక చోటి విలువను వేఱొక చోటికి చేర్చుట అని తయారుచేసినవారు నియమించిన సంకేతమే దాని భాష. 1978లో వచ్చిన ఇంటెల్ 8086కు ఒక సంకేతము, 1979లో వచ్చిన మోటరోలా 68000కు వేఱొక సంకేతము. ఒకదానియందు సార్థకమైన అంకెల వరుస రెండవదానియందు నిరర్థకము, లేదా అన్యార్థకము.

రెండవ ఆశ్రయము ఆపరేటింగ్ సిస్టము. మన చర్చలో ముఖ్యమైనది ఇదియే. ప్రోగ్రాము తనంతట తాను ఫైలును తెరవదు, తెరపై అక్షరమును గీయదు, కాగితముపై ముద్రింపదు. అవి అన్నియు ఆపరేటింగ్ సిస్టమును యాచించి చేయించుకొనును. ఆ యాచనకు ఒక్కొక్క వ్యవస్థయందు ఒక్కొక్క విధి కలదు. డాస్ నందు కోరిన పని యొక్క సంఖ్యను ప్రాసెసరులోని నియతమైన స్థానమునందుంచి 33వ అంతరాయమును పిలువవలయును. షోడశాంక గణనలో ఇది 21 అగుటచే ప్రోగ్రాము రచయితలు దానిని ఆ సంఖ్యతోనే వ్యవహరింతురు. విండోస్ నందు పనులకు పేర్లు కలవు. ఫైలును తెరచుటకు క్రియేట్‌ఫైల్, అక్షరములను గీయుటకు టెక్స్ట్‌అవుట్ ఇత్యాదులు. ఇవి కెర్నెల్32, యూజర్32, జిడిఐ32 మొదలగు గ్రంథాలయ ఫైళ్లలో నుండును. లైనక్సు నందలి పేర్లు వేఱు, పిలిచెడు పద్ధతియు వేఱు.

మూడవది ఫైలు యొక్క ఆకృతి. విండోస్ ప్రోగ్రాము ఫైళ్లన్నియు ఎం, జెడ్ అను రెండు అక్షరములతో ప్రారంభమగును. డాస్ నిర్మాతలలో ఒకరైన మార్క్ జ్బికోవ్‌స్కీ పేరిటి పొడి అక్షరములివి. గ్రంథాదిని మంగళమువలె నేటికిని ప్రతి విండోస్ ప్రోగ్రాము తలపైన ఆయన పేరు నిలిచియున్నది. లైనక్సు ప్రోగ్రామునకు ఆదిలో ఇ, ఎల్, ఎఫ్ అను గుర్తు ఉండును. గుర్తు సరిపడనిచో యంత్రము ఫైలును లోనికి రానీయదు.

ఈ మూటిలో ఏది మారినదో దానినిబట్టి చికిత్స మారును. ప్రాసెసరు ఒకటియే అయి ఆపరేటింగ్ సిస్టము మాత్రము భిన్నమైనచో ఆజ్ఞలను ముట్టుకొనక సేవలను మాత్రము మార్చి చూపిన చాలును. ప్రాసెసరే భిన్నమైనచో ప్రతి ఆజ్ఞకును అర్థము చెప్పువాడొకడు కావలయును.

యంత్రమునే అనుకరించుట

1936లో ఆలన్ ట్యూరింగ్ ప్రకటించిన పరిశోధన పత్రమున ఈ సమస్య యొక్క మూలము కలదు. ఏ యంత్రము యొక్క వర్ణనమునైనను చదివి, ఆ యంత్రము చేయు పనినే తానును చేయగల సార్వత్రిక యంత్రము సాధ్యమని ఆయన నిరూపించెను. కావున ఒక కంప్యూటరు మఱియొక కంప్యూటరు వేషమును ధరింపగలుగుట సిద్ధాంతరీత్యా సందేహాస్పదము కాదు. చెల్లింపవలసిన మూల్యము కాలము మాత్రమే.

ఆచరణమున దీనికి వ్యాపారమే కారణమైనది. ఐ.బి.ఎం. సంస్థ 1959లో ప్రకటించిన 1401 యంత్రము విస్తారముగా అమ్ముడుపోయినది. 1963 డిసెంబరులో హనీవెల్ సంస్థ తన 200 యంత్రమును ప్రకటించి, 1401 ప్రోగ్రాములను దానిపైకి మార్చి ఇచ్చు లిబరేటర్ అను సాధనమును వెంట జోడించినది. ఐ.బి.ఎం. 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టమ్/360 శ్రేణియో, 1401తో ఏమాత్రము పొసగని కొత్త నిర్మాణము. పాత ప్రోగ్రాములను పారవేయుమనినచో కొనువారు హనీవెల్ వైపు పోవుదురు. అందుచే 360 శ్రేణిలోని కొన్ని యంత్రముల లోపలనే 1401 ఆజ్ఞలను గ్రహించు సూక్ష్మాజ్ఞలను అమర్చిరి. ఎమ్యులేటరు అను పేరు కంప్యూటరు శాస్త్రమున ఆ సందర్భముననే ఐ.బి.ఎం. నందు పుట్టినది. అంతకుముందు సిమ్యులేటరు అను మాటయే ఉండెడిది. పూర్తిగా ప్రోగ్రాము ద్వారానే అనుకరించుట సిమ్యులేషన్, యంత్రాంగపు సహాయముతో అనుకరించుట ఎమ్యులేషన్ అని నాటి భేదము. నేడు ఆ భేదము లోపించి, పూర్తిగా ప్రోగ్రాము ద్వారా జరుగు అనుకరణమును కూడ ఎమ్యులేషన్ అనియే వ్యవహరించుచున్నారు.

నేటి అధ్యాపకులకు ఉపయోగపడు ఎమ్యులేటర్లలో మొదట చెప్పదగినది డాస్‌బాక్స్. 2002 నుండి ఉచితముగా లభించుచున్నది. ఇది పాత ఇంటెల్ ప్రాసెసరును, డాస్ వ్యవస్థను, నాటి తెరను, శబ్దయంత్రమును కూడ అనుకరించును. ఫాబ్రీస్ బెల్లార్ 2003లో వెలువరించిన క్యూఎము మఱింత విస్తృతమైనది. అనేక జాతుల ప్రాసెసర్లను అభినయింపగలదు.

అభినయమునకు రెండు మార్గములు కలవు. ఒక్కొక్క ఆజ్ఞను తీసికొని, దాని అర్థమును నిర్ణయించి, ఆ పనిని చేసి, తరువాతి ఆజ్ఞకు పోవుట ఒకటి. వేయిమారులు తిరిగి వచ్చు ఆజ్ఞకు వేయిమారులును అర్థము చెప్పవలసియుండుటచే ఇది మందగమనము. కొన్ని ఆజ్ఞల గుంపును ఒకసారి స్వభాషలోనికి అనువదించి, ఆ అనువాదమును దాచుకొని, మరల అదే గుంపు వచ్చినపుడు దానినే వాడుకొనుట రెండవది. క్యూఎము అవలంబించినది ఈ రెండవ మార్గమును.

మందగమనము సర్వదా దోషము కాదు. టర్బో పాస్కల్ భాషలో రచించిన డాస్ ప్రోగ్రాములనేకము వేగము గల యంత్రములపై ప్రారంభమైన క్షణముననే 200వ దోషమని చెప్పి ఆగిపోవును. కారణమిది. ఆ భాషలోని ఒక గ్రంథాలయము, ప్రోగ్రాము మొదలగునపుడు యంత్రము యొక్క గడియారపు ఒక్క టిక్కులో, అనగా సుమారు 55 మిల్లీసెకన్లలో, ఒక ఆవృత్తి ఎన్నిమారులు తిరుగునో లెక్కించి ఆ సంఖ్యను 55చే భాగించును. రచించిన నాటి యంత్రములకు ఆ భాగఫలము 16 బిట్ల స్థానమున ఇమిడెడిది. యంత్రములు వడిగలవి కాగా భాగఫలము ఆ స్థానమున పట్టలేదు. ప్రాసెసరు దానిని భాగహార దోషముగా పరిగణించినది. డాస్‌బాక్స్‌లో వేగమును తగ్గించినచో ప్రోగ్రాము బ్రదుకును. యంత్రము ఇంత బలిష్ఠమగునని ఊహింపకపోవుటయే ఆ ప్రోగ్రాము చేసిన తప్పు.

అనువాదము, వేరు కాపురము

ప్రాసెసరు జాతి మారినపుడు ముందుగానే సమగ్రముగా అనువదించి ఉంచుకొనుట కూడ కలదు. ఆపిల్ సంస్థ చరిత్ర దీనికి మంచి ఉదాహరణము. ఆ సంస్థ 1994లో మోటరోలా 68000 జాతి నుండి పవర్‌పిసి జాతికిని, 2006లో ఇంటెల్ జాతికిని, 2020లో ఆర్మ్ జాతికిని మారినది. మొదటిసారి ఎమ్యులేటరును, తరువాతి రెండుమారులును రోసెట్టా అను అనువాదకమును సమకూర్చినది. 1799లో దొరకి, 1822లో షాంపోలియన్ ఈజిప్టు లిపిని భేదించుటకు మూలమైన రోసెట్టా శిలాశాసనమే ఈ పేరునకు ఆధారమని శాసన పరిశోధకులకు వేఱుగ చెప్పనక్కరలేదు. రెండవ రోసెట్టా, ప్రోగ్రామును స్థాపించునపుడే దాని ఆజ్ఞలను చాలవఱకు అనువదించి ఉంచును. నడచుచుండగా కొత్తగా పుట్టు ఆజ్ఞలను మాత్రము అప్పటికప్పుడు అనువదించును. అందుచే వేగము బాగుగా ఉండును. కాని శిల నిలిచినట్లు ఈ రోసెట్టాలు నిలువవు. మొదటి దానిని 2011లో వెలువడిన సిస్టము నుండి తొలగించిరి. రెండవదాని వినియోగమునకు కూడ 2025లో పరిమితి ప్రకటింపబడినది. పాత ప్రోగ్రామునకు వంతెన వేసినవారే ఆ వంతెనను తీసివేయగలరన్న సంగతి గ్రంథ పరిరక్షకులు మఱువరానిది.

ప్రాసెసరు జాతి మారనిచో సుగమమైన మార్గము మిథ్యాయంత్రము, అనగా వర్చువల్ మెషీన్. ఇదియు ఐ.బి.ఎం. వారి పనియే, 1972లో వచ్చిన వి.ఎం./370 ఒకే యంత్రమును అనేక యంత్రములుగా చూపెడిది. వ్యక్తిగత కంప్యూటర్లపై 1999లో వి.ఎం.వేర్ సంస్థ దీనిని ప్రచారములోనికి తెచ్చినది. 2005లో ఇంటెల్, 2006లో ఎ.ఎం.డి. తమ ప్రాసెసర్లలోనే ఇందుకు కావలసిన అమరికలను చేర్చినవి. ఇందు లోపలి ఆపరేటింగ్ సిస్టము తనకొక స్వంత యంత్రము ఉన్నదని భావించుచు నడచును. ఆజ్ఞలను అధికభాగము ప్రాసెసరే సాక్షాత్తుగా నెరవేర్చును. ఒకే ఇంట వేరు కాపురము పెట్టినట్లుండు నీ పద్ధతిలో గుణదోషములు రెండును స్పష్టములు. పాత విండోస్ సమగ్రముగా అచ్చటనే ఉండుటచే పాత ప్రోగ్రామునకు ఏ లోటును తోచదు. కాని ఆ విండోస్ ప్రతికి చెల్లుబడి అగు లైసెన్సు కావలయును, రెండు సంసారములకు చాలినంత జ్ఞాపకస్థానము కావలయును.

వైన్: ఆదేశము స్థానివలె ప్రవర్తించుట

పై మార్గములకు భిన్నమై, శాస్త్రదృష్టికి మిక్కిలి ఆసక్తికరమైనది వైన్ అను ప్రోగ్రాము. విండోస్ ప్రోగ్రాములను విండోస్ లేకయే లైనక్సుపై నడుపుటకు 1993లో దీనిని ప్రారంభించిరి. 1994 నుండి అలెగ్జాండర్ జూలియార్ దీని నిర్మాణమునకు నాయకుడు. 1.0 సంఖ్య గల ప్రతి 2008 జూన్‌లో గాని రాలేదు. పదునైదు సంవత్సరములు! వైన్ ఎమ్యులేటరు కాదు అను అర్థమునిచ్చు ఆంగ్ల వాక్యపు పొడి అక్షరములే దాని పేరు. పేరులోనే నిషేధము చేసికొనుటకు కారణము కలదు. ఇది యంత్రమును అనుకరింపదు; ప్రాసెసరు ఆజ్ఞలను ముట్టుకొనదు. ప్రోగ్రాము విండోస్‌ను పిలిచినచోట తాను పలుకును.

పాణిని ప్రథమాధ్యాయ ప్రథమపాదమున 56వ సూత్రముచే ఆదేశమునకు స్థానివద్భావమును విధించెను. క్త్వా ప్రత్యయమునకు ల్యప్ ఆదేశమైనపుడు, క్త్వాకు గల కృత్త్వము, అవ్యయత్వము ల్యప్‌నకు కూడ సిద్ధించును. అందుచేతనే ప్రకృత్య అనునది అవ్యయమగుచున్నది. వైన్ చేయునది ఇట్టిదే. కెర్నెల్32 స్థానమున అదే పేరుగల తన కెర్నెల్32ను నిలుపును. క్రియేట్‌ఫైల్ అని పిలిచిన ప్రోగ్రామునకు పలికినవాడు విండోస్ కాదని తెలియదు. ఆ పిలుపును వైన్ లైనక్సు భాషలోనికి మార్చి పని చేయించి, ఫలమును విండోస్ ఇచ్చు రూపముననే తిరిగి ఇచ్చును. స్థానికి గల దోషములను కూడ ఆదేశము అనుకరింపవలసి వచ్చును; ఏలయన కొన్ని ప్రోగ్రాములు విండోస్ యొక్క తప్పులకు అలవాటుపడి రచింపబడినవి.

అయితే ఆ సూత్రమునందే అల్విధి విషయమున నిషేధము కలదు. స్థాని యొక్క వర్ణస్వరూపమును ఆశ్రయించి చేయు కార్యమునకు స్థానివద్భావము చెల్లదు. దివ్ శబ్దపు వకారమునకు ఔకారము ఆదేశమైన ద్యౌః అను రూపమున, ఔకారమును హల్లుగా భావించి సులోపము చేయరాదు. వైన్ విషయమున కూడ హద్దు సరిగా ఇచ్చటనే పడినది. సేవ యొక్క ఫలమును మాత్రము కోరు ప్రోగ్రాము చక్కగా నడచును. ఆ సేవ యొక్క లోపలి స్వరూపమును, అనగా విండోస్ తన జ్ఞాపకమున ఏ అంకెను ఏ స్థానమున ఉంచుకొనునో దానిని, తడవి చూచు ప్రోగ్రాము భంగపడును. దొంగ ప్రతులను నిరోధించు రక్షణ ప్రోగ్రాములు, విండోస్ అంతర్భాగమున తమ డ్రైవరును నిలుపు ప్రోగ్రాములు ఈ కోవలోనివి. వైన్ పై ఏ ప్రోగ్రాము నడచును, ఏది నడువదు అని అడుగువారికి ఇంతకంటె మంచి లక్షణమును నేను చూడలేదు.

మీమాంసకుల అతిదేశమును కూడ ఇచ్చట స్మరింపవచ్చును. ప్రకృతియాగపు అంగములు వికృతికి అతిదేశముచే వచ్చునపుడు మంత్రమున ఊహ చేయవలసివచ్చును. సౌర్యేష్టియందు అగ్నిశబ్ద స్థానమున సూర్యశబ్దము చేరును. విండోస్ ప్రోగ్రాము సి అను డ్రైవును కోరినపుడు వైన్ తన సంచయములోని డ్రైవ్_సి అను ఫోల్డరును చూపుట, పేరులలోని వెనుకకు వాలిన గీతను ముందుకు వాల్చుట ఇట్టి ఊహయే. లైనక్సునందు పెద్ద బడి చిన్న బడి ఆంగ్లాక్షరముల భేదమున ఫైళ్లు వేఱగును, విండోస్‌నందు కావు. ఈ ఒక్క భేదమును కప్పిపుచ్చుటకు వైన్ ఫోల్డరునంతయు వెదకవలసివచ్చును. బాధకును తావు కలదు. కృష్ణలచరువునందు బంగారు గింజలకు పొట్టు లేదు గనుక అవఘాతము లోపించును. అట్లే లైనక్సునందు ప్రయోజనము లేని సేవను ప్రోగ్రాము కోరినపుడు వైన్ ఏమియు చేయక, అయినదని బదులు చెప్పును. ప్రయోజనము లేదనుకొన్నచోట నిజముగా ప్రయోజనమున్నచో మాత్రము ప్రమాదము. అయినదన్న మాటను నమ్మి ప్రోగ్రాము ముందుకు పోయి, వేఱొకచోట, సంబంధము తోచని విధముగా కూలిపోవును.

ఇటీవల వైన్ వేగముగా వృద్ధిపొందుటకు కారణము పండితులు కారు, ఆటలు. వాల్వ్ సంస్థ 2018లో వైన్ ఆధారముగా ప్రోటాన్ అను సాధనమును వెలువరించి, విండోస్ ఆటలను లైనక్సుపై నడుపుటకు ధనమును, శ్రమను వెచ్చించినది. ఆటకై వేసిన దారిలో నిఘంటువును నడుపుకొనుట మనకు ద్వాదశాధ్యాయపు ప్రసంగ న్యాయముచే లభించిన లాభము. దీనికి విలోమ ప్రయత్నమును మైక్రోసాఫ్ట్ 2016లో చేసినది. లైనక్సు పిలుపులకు విండోస్ అంతర్భాగమే బదులు చెప్పునట్లు చేసిరి. ఫైళ్ల పని మందముగా సాగినది, కొన్ని పిలుపులకు బదులు లేకపోయినది. 2019లో ఆ పద్ధతిని విడిచి, రెండవ రూపమున నిజమైన లైనక్సు అంతర్భాగమునే మిథ్యాయంత్రమున నిలిపిరి. ఆదేశముతో విసిగి వేరు కాపురము పెట్టిరన్నమాట.

తెలుగు పుటల సంగతి

తెలుగున పుటల కూర్పునకు చిరకాలము ప్రధాన సాధనమైనది పేజ్‌మేకర్. ఆల్డస్ సంస్థ 1985లో దీనిని వెలువరించెను. 1994లో అడోబీ సంస్థ ఆల్డస్‌ను కలుపుకొన్నది. 2001లో వచ్చిన 7.0 తుది ప్రతి. దీనితోపాటు అను మొదలగు తెలుగు ఫాంట్లు, వాని కీబోర్డు ప్రోగ్రాములు వాడుకలోనికి వచ్చినవి. విండోస్ 3.1 కాలపు పేజ్‌మేకర్ 5 పదునారు బిట్ల ప్రోగ్రాము. 64 బిట్ల విండోస్ అట్టి ప్రోగ్రాములను అసలే నడుపదు. 2021లో వచ్చిన విండోస్ 11 కేవలము 64 బిట్లదే. తరువాతి ముప్పదిరెండు బిట్ల ప్రోగ్రాములలో కొన్నిటికి స్థాపక ప్రోగ్రాము మాత్రము పదునారు బిట్లది. లోని దేవుడు వరమిచ్చినను వాకిటి పూజారి పోనీయడు.

పాత ప్రోగ్రాము నడచినంతమాత్రమున పని ముగియదు. నాటి ఫాంట్లు తెలుగు వర్ణములకు గాక, తెలుగు ఆకారపు తునకలకు సంకేతములనిచ్చినవి. ఆంగ్లమునకు కేటాయించిన 256 స్థానములలో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు మొదలగు తునకలను సర్దిరి. ఏ తునక ఏ స్థానముననుండునో ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క నిర్ణయము. కావుననే ఫాంటు లేనిచో అదే పుట అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపుగా కనబడును. పైగా తునకల వరుస కంటికి కనబడు వరుస; ఉచ్చారణ క్రమము కాదు. స్త్రీ అను అక్షరమును చూడుడు. ముద్రణలో గుడిదీర్ఘము సకారముపై నుండును. తవత్తు, రవత్తు తరువాత వచ్చును. పాత ఫైలునందు సీ, తవత్తు, రవత్తు అను క్రమము. యూనికోడునందు సకార, తకార, రేఫములు పొల్లులతో కూడి వచ్చిన పిమ్మట తుదిని ఈకారపు గుర్తు. కావున పరివర్తన ప్రోగ్రాము అచ్చును తీసి సంయుక్తాక్షరము చివరకు చేర్చవలయును. ఇది చేయని పరివర్తనము పైకి సరిగా కనబడినను, వెదకునపుడును అకారాది క్రమమున కూర్చునపుడును బయటపడును.

తెలుగునకు యూనికోడునందు 1991 నాటి ప్రథమ ప్రతియందే స్థానము లభించినది. అయినను తెలుగు లిపిలో సంస్కృత గ్రంథములను ముద్రించువారు చిరకాలము పాత ఫాంట్లనే వాడిరి. వారి సంప్రదాయ ప్రియత్వమే ఇందుకు కారణమని తలపరాదు. తెలుగు అవగ్రహ చిహ్నమునకు యూనికోడున సంకేతము లభించినది 2008లో, 5.1 ప్రతియందు. దంత్య చ, జలకు ప్రత్యేక సంకేతములు కూడ అప్పుడే వచ్చినవి. నకారపొల్లునకు 2021 దాక ఆగవలసివచ్చినది. కావున 2008కి పూర్వము యూనికోడులోనికి మార్చిన సంస్కృత పాఠములలో అవగ్రహము లోపించియో, వేఱొక గుర్తుగా మారియో ఉండుటకు అవకాశము హెచ్చు. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతునకు చేసిన ఉపదేశమున అద్వైతులు తత్ అనియు, మాధ్వులు అతత్ అనియు పదచ్ఛేదము చేయుదురు. ముద్రిత పాఠమున ఈ భేదమును తెలుపునది అవగ్రహము ఒక్కటే. అట్టి గుర్తు పరివర్తనమున జారిపోయినచో ఒక దర్శనపు పాఠము మఱియొక దర్శనపు పాఠమగును. జారినదన్న సంగతి తెలియుటకు మూలపు ఫైలును మూలపు ప్రోగ్రాముతో తెరచి చూచుట తప్ప వేఱు దారి లేదు, ముద్రిత ప్రతి దొరకని పక్షమున.

సి-డాక్ సంస్థ వారి జిస్ట్ కార్డుతో డాస్‌పై కూర్చిన ఫైళ్ల సంగతి వేఱు. ఐఐటి కాన్పూరులో మొదలైన పరిశోధనమునుండి వచ్చిన ఈ కార్డును యంత్రమునందు అమర్చినచో తెరపై భారతీయ లిపులు కనబడెడివి. డాస్‌బాక్స్ డాస్‌ను అనుకరించును గాని ఆ కార్డును అనుకరింపదు. ఐనను ఇబ్బంది తక్కువ. ఆ కార్డు వాడిన ఇస్కీ సంకేతము 1991లో భారత ప్రమాణముగా ప్రకటింపబడినది. ఉచ్చారణ క్రమమునే అనుసరించినది. కావున ఆ ప్రోగ్రామును నడుపకయే ఫైలును నేరుగా యూనికోడులోనికి మార్చవచ్చును. అనుకరణ విద్య ఎంత గొప్పదైనను బహిరంగమైన ప్రమాణము దాని అవసరమునే తొలగించును.

హార్డ్‌వేరు లాకు గల ప్రోగ్రాముల విషయమున మాత్రము ఆశ తక్కువ. ప్రింటరు తగిలించు పాత రంధ్రమున ఆ లాకును గ్రుచ్చినగాని నాటి కొన్ని ప్రోగ్రాములు తెరచుకొనెడివి కావు. నేటి యంత్రములకు ఆ రంధ్రమే లేదు. ఇట్టి సందర్భమున పాత కంప్యూటరు ఒకదానిని పనిచేయు స్థితిలో నిలుపుకొనుటయే ఉపాయము. దానిని అటకపై పారవేయరాదు.

న్యాయశాస్త్ర దృష్టితో ఒక్క మాట. అన్య సంస్థ ప్రోగ్రాము ప్రవర్తనమును పరిశీలించి, దానితో పొసగు స్వతంత్ర ప్రోగ్రామును రచించుట తప్పు కాదని అమెరికా న్యాయస్థానములు సోనీ, కనెక్టిక్స్ సంస్థల వివాదమున 2000లో తీర్పుచెప్పినవి. గూగుల్, ఒరాకిల్ సంస్థల వివాదమున 2021లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము సేవల పేర్లను, పిలుచు పద్ధతిని తిరిగి వాడుకొనుట ఆ సందర్భమున న్యాయమైన వినియోగమే అనినది. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము 52వ సెక్షనునకు 1999లో చేసిన సవరణ, ప్రోగ్రాములు పరస్పరము పొసగుటకు కావలసిన సమాచారమును రాబట్టుటకు సక్రమముగా ప్రతిని పొందినవారిని అనుమతించుచున్నది. వైన్ వంటివానికి ఇది అండ. కాని పేజ్‌మేకరుకును, పాత విండోస్‌కును, తెలుగు ఫాంట్లకును లైసెన్సు అవసరము దీనిచే తీరదు.

ఇక ఆచరణము. నా అభిప్రాయమున డాస్ కాలపు సూచికలకు డాస్‌బాక్స్ చాలును. నిఘంటువులు, చిన్న పనిముట్లు వైన్‌పై నడపవచ్చును. పరిష్కృత గ్రంథముల పుటలకు మాత్రము వైన్‌ను నమ్మరాదు. ఫాంటుల కొలతలలో కేశమంత భేదము వచ్చినను పంక్తి విఱుగుచోటు మారి, పాఠాంతర సూచికలో చూపిన పుట, పంక్తి సంఖ్యలు తప్పగును. వానికి పాత విండోస్ గల మిథ్యాయంత్రమే ఉచితము. భద్రతా సవరణలు నిలిచిపోయిన వ్యవస్థ గనుక దానిని ఇంటర్నెట్టునకు తగిలింపరాదు. పుటను అచ్చట తెరచి, ముద్రణ రూపమున పి.డి.ఎఫ్.గా వెలికి తీసి, లభించిన ముద్రిత ప్రతితో ఒక ఫారమునైనను అక్షరాక్షరము సరిచూచి, ఆ పిమ్మటనే యూనికోడు పరివర్తనమునకు పూనుకొనవలయును. ఫైలుతోపాటు ఫాంటును, స్థాపక సి.డి. ప్రతిని, మిథ్యాయంత్రపు ప్రతిని ఒకే చోట ఉంచి, ఏ ప్రోగ్రాము ఎన్నవ ప్రతితో, ఏ ఫాంటుతో, ఏ కీబోర్డు క్రమముతో, ఏ సంవత్సరమున కూర్చిరో, అవగ్రహమునకును అరసున్నకును ఏ కీని వాడిరో వ్రాసి జతపఱచవలయును. ఈ తుది వివరమును నేడు చెప్పగలవారు ఆనాటి డి.టి.పి. ఆపరేటర్లు మాత్రమే. వారిలో పలువురు ఇప్పటికే ఆ వృత్తిని విడిచినారు గనుక అడుగుట ఆలస్యము చేయరాదు.